ఊపిరి దీపం

కొవ్వూరు నుంచి కాకినాడ దాకా ఇవటూరి భుజంగరావుగారి ముందుమాట లేకుండా అచ్చయిన పుస్తకం ఏదైనా ఉందంటే, అది టెలిఫోన్ డైరెక్టరీ అయి ఉండాలి. కవిత్వమైనా, కథలైనా, హోమియోపతి వైద్యమైనా సరే, రాజమండ్రి దానవాయిపేటలో ఆయన ఇంటి గుమ్మం ఎక్కి దిగాల్సిందే.

ఆయనకో పద్ధతి ఉంది. వచ్చిన రాతప్రతిని తూకం వేస్తున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుంటారు. పేరు చదువుతారు. వెనక్కి తిప్పి రచయిత ఊరూ ఉద్యోగమూ చూస్తారు. తరవాత కళ్ళు మూసుకుంటారు. లోపల ఏదో పెద్ద మథనం జరుగుతోందనుకుని ఎదురుగా ఉన్న రచయిత బిగుసుకుపోయి కూర్చుంటాడు. ఆయన కళ్ళు తెరిచి "పదిహేను రోజులాగి రండి" అంటారు. ఇహ ఆ కట్ట విప్పితే ఒట్టు. ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. రచయితలకు కావలసింది ఆయన చదవడం కాదు, రాయడం. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు. అలా ఏళ్ళ తరబడి మర్యాదగా నడిచిపోతున్న వ్యవహారం.

అచ్చయ్యాక ఆ పుస్తకాలు కృతజ్ఞతలతో సహా ఇంటికి వచ్చేవి. ముందు హాలు నిండింది, తరవాత పడమటి గది నిండింది, ఆఖరికి బియ్యం డబ్బా మీదకి కూడా కవిత్వం ఎక్కింది. ఆ వర్షాకాలం గోడవార బీరువాకి చెద పట్టింది. ఆయన భార్య సుభద్రమ్మ చీపురు పుచ్చుకుని ఒక సంపుటం దులిపి, లోపలికి చూసి, "మీ పుస్తకాల్ని ఇన్నాళ్ళకి ఈ చెదపురుగులే కాస్త శ్రద్ధగా చదివినట్టున్నాయండీ" అంది. ఆ మాట ఎంత దూరం వెళుతుందో ఆవిడకి అప్పుడు తెలియదు.

వాళ్ళ అమ్మాయి విశాలి హైదరాబాదులో, వెలుతురు మీద పరిశోధనలు చేసే ఒక లాబొరేటరీలో పని చేస్తుంది. తల్లి ఫోన్లో మొత్తుకోవడం విని సెలవు పెట్టి వచ్చింది. పుస్తకాలన్నీ ఇంట్లోనే ఫొటోలు తీసి దాచేద్దాం, తరవాత వీటిని ఏ గ్రంథాలయానికైనా ఇచ్చేయొచ్చు అంది. పాత కుట్టుమిషను బల్ల హాలు మధ్యకి జరిపింది. కర్టెను గొట్టం ఒకటి ఊడదీసి, దానికి తన ఫోను కిందికి చూసేలా బిగించింది. పేజీలు లేవకుండా అదిమిపెట్టడానికి అద్దం కావలసివస్తే తల్లిదండ్రుల పెళ్ళి ఫొటో ఫ్రేములోది పీకింది. పేజీ తిప్పడం భుజంగరావుగారి పని, ఫోను నొక్కడం విశాలి పని. మొదటి రోజు తీసిన ఫొటోలన్నిట్లోనూ ఆయన బొటనవేలు కుడివైపు మూలన, అధ్యక్షస్థానంలో ఉన్నట్టు నిండుగా పడింది. వేలు తియ్యి నాన్నా అని ఆ పిల్ల అంటూనే ఉంది, తీస్తే పుస్తకం మూసుకుపోతుందని ఆయన అంటూనే ఉన్నారు. చివరికి రోజూ సాయంత్రం కూర్చుని ఆ వేళ్ళన్నిటినీ ఫోనులో కత్తిరించడం విశాలికి అదనపు పనైంది.

పుస్తకాల నిండా చెమ్మ మరకలు. వాటిని ఫొటోల్లోంచి చెరిపేయాలంటే అసలు చెమ్మ ఎక్కడెక్కడ తగిలిందో ఫోనుకి తెలియాలి. దానికోసం విశాలి తను తయారుచేసిన చిన్న దీపం ఒకటి తెచ్చుకుంది. చూడ్డానికి అరచేతిలో పట్టే నీలం బల్బు. దాని వెలుగులో కాగితానికి ఎప్పుడు ఏ తడి తగిలినా ఫోను తెర మీద రంగు కనిపిస్తుంది.

సరదాకి ముందుగా సుభద్రమ్మ తలగడ కింద ఉండే అట్టల్లేని డిటెక్టివు నవల పెట్టి చూసింది. మరకలు సరే, వాటితో పాటు ప్రతి వాక్యం కిందా సన్నటి పసుపు గీత ఒకటి కనిపించింది. గీత వాక్యంతో మొదలై, కామా దగ్గర పల్చబడి, చుక్క దగ్గర ఆగుతోంది. హంతకుడు తలుపు తోసే పేజీలో ఆరేడు వాక్యాలకి గీతే లేదు, ఆ తరవాత పెద్ద పసుపు మచ్చ. సుభద్రమ్మ తెరలోకి తొంగిచూసి, అక్కడ తను ఊపిరి బిగబట్టిందనీ, ఆ మచ్చ దగ్గర పొయ్యి మీద పాలు పొంగిపోతే అయ్యో అని ఊపిరి వదిలిందనీ చెప్పింది.

విశాలి ఆ రోజంతా అన్నం మాట మరిచిపోయింది. తల్లిచేత ఆనాటి పేపరు చదివించి దీపం కింద పెట్టింది. చదివిన వార్తల కింద లేతాకుపచ్చ గీతలు వచ్చాయి. ఇంకో పేజీ ఇచ్చి, చదవకుండా బెండకాయల గురించి ఆలోచిస్తూ ఊరికే చూడమంది. అక్కడ గీతల్లేవు, ఆవిరి పట్టినట్టు మసక ఉందంతే. అప్పుడు తేలింది సంగతి. మనసు పెట్టి చదివేవాళ్ళ ఊపిరి వాక్యం వెంబడే నడుస్తుంది, కాగితం దాన్ని పట్టి ఉంచుకుంటుంది. కొత్త ఊపిరి పచ్చగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ పసుపుకి తిరుగుతుంది.

"నాన్నా, పుస్తకాన్ని ఎవరైనా నిజంగా చదివారో లేదో ఇది చెప్పేస్తుంది" అంది ఆ పిల్ల, మొహం వెలిగిపోతూ.

భుజంగరావుగారి మొహం మాత్రం వెలగలేదు.

ఆయన అడ్డుపడేలోగానే విశాలి బీరువాలోంచి చేతికందిన నవల తీసి పెట్టింది. ముందుమాట ఉన్న నాలుగు పేజీలూ తోమిన ఇత్తడి చెంబులా ధగధగలాడాయి. తన ముందుమాటలు తను మళ్ళీ మళ్ళీ చదువుకునే అలవాటు ఆయనకుంది. ఐదో పేజీ నుంచి బూడిద రంగు. ఆఖరు దాకా బూడిద రంగే. ఇంకొకటి పెట్టింది, అదీ అంతే. కవితా సంపుటి పెట్టింది, హోమియోపతి పెట్టింది. ముందు ఇత్తడి, వెనక బూడిద. బల్బు పాడైందేమోనని ఊడదీసి, తుడిచి, మళ్ళీ తల్లి డిటెక్టివు నవల మీద వేసింది. అది గుమ్మడిపండులా వెలిగింది. అప్పటికి విశాలికి అర్థమై, తండ్రి వైపు చూడకుండా బల్బు తీగ చుట్టడం మొదలుపెట్టింది.

"దీపం బాగానే ఉందమ్మా" అంది సుభద్రమ్మ.

తను చాలా తక్కువ ఊపిరి పీల్చే మనిషిననీ, చిన్నప్పటి నుంచీ ప్రాణాయామం అలవాటనీ భుజంగరావుగారు వివరించబోయారు. ఆయన గురక వీధి చివరి ఇస్త్రీబండి దాకా వినిపిస్తుందని సుభద్రమ్మ గుర్తుచేసింది. దాంతో ఆయన రూటు మార్చి కూతుర్ని బతిమాలుకున్నారు. ఇది బయటికొస్తే తెలుగునాట ఒక్క పుస్తకావిష్కరణ సభలోనూ మైకు పట్టుకునేవాడుండడనీ, శాలువాల వ్యాపారం మూతబడుతుందనీ అన్నారు. ఎవరికీ చెప్పవద్దన్నారు. విశాలి తల గోక్కుని, అప్పటికే ఒకరికి చెప్పేశానంది.

ఆ ఒకరు వీధి అరుగు మీద కాఫీ కోసం కూర్చుని ఉన్న గుత్తుల సత్తిరాజు.

సత్తిరాజు ఆర్టీసీ డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. జీవితంలో ఒకే ఒక్క నవల రాశాడు. దాని పేరు 'ఇసుకమేట'. అది అచ్చవుతున్న ప్రెస్సులోనే భుజంగరావుగారితో పరిచయం. అప్పట్లో పద్ధతి ప్రకారమే భుజంగరావుగారు పేరు చూసి, కళ్ళు మూసుకుని, ఇసుకమేట అంటే ఎండిన బతుకు అయి ఉంటుందని తేల్చి, ముందుమాట రాసిచ్చారు. 'ఈ ఇసుక కింద కన్నీటి ఊట ఉంది. ఇది చదివిన మూడు రోజులు నాకు అన్నం సయించలేదు' అన్నది అందులో మకుటాయమానమైన వాక్యం. మిగతావాళ్ళు ముందుమాట పుచ్చుకుని వెళ్ళిపోయారు. సత్తిరాజు ఒక్కడే మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఆ తరవాత రోజూ వస్తూనే ఉన్నాడు. భుజంగరావుగారికి టైఫాయిడు వస్తే ఆస్పత్రిలో పక్కనే పడుకున్నాడు. విశాలికి సైకిలు నేర్పాడు. సుభద్రమ్మని చెల్లెమ్మా అని పిలుస్తాడు, ఆవిడ నోట్లోంచి అన్నయ్యగారూ తప్ప ఇంకో మాట రాదు. ఈ చుట్టరికం మొత్తం నిలబడింది ఆ ముందుమాట మీద.

సత్తిరాజు లోపలికి వచ్చి దీపాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తన నవల ఫొటోలు తీయాలన్నాడు. తన దగ్గరున్న ప్రతి నలిగిపోయిందట, భుజంగరావుగారి ప్రతే తీయాలట.

"ఏ పేజీ కాడ నీకు ఊపిరాగిపోయిందో సూడాలనుంది పంతులూ" అన్నాడు. "అన్నం సయించలేదన్నావు కదా. అది ఏ మాట కాడో ఇన్నేళ్ళూ అడగలేపోయాను. ఆదివారం వత్తాను."

రాతప్రతిలో చదివాను, అచ్చు పుస్తకంలో కాదు అని తప్పించుకుందామా అనుకున్నారు భుజంగరావుగారు. కానీ ఏటా తొలకరికి నీ నవల ఒకసారి తిరగేస్తాను సత్తిరాజూ అని తనే ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. అలా చెప్పినప్పుడల్లా సత్తిరాజు కాఫీ గ్లాసు కింద పెట్టి కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. ఆ సంగతి గుర్తొచ్చి ఆయన సరే, ఆదివారం రమ్మన్నారు.

మర్నాడు పొద్దున్నే సుభద్రమ్మ వంటింట్లోకి వచ్చేసరికి, భుజంగరావుగారు పీట మీద కూర్చుని 'ఇసుకమేట'ని ఒక్కో పేజీ తెరిచి బుగ్గలు పొంగించి ఊదుతున్నారు. పదో పేజీకి కళ్ళు తిరిగి గోడకి చేరగిలబడ్డారు. విశాలి పుస్తకం తీసుకుని దీపం కింద పెట్టింది. పేజీ నడిమధ్య పూరీ అంత గుండ్రటి మసక, వాక్యాలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ మధ్యాహ్నం ఆయన ఇడ్లీపాత్ర ఆవిరి మీద ప్రయత్నించారు. పుస్తకం ఇడ్లీలాగే పొంగింది. సుభద్రమ్మ దాన్ని రుబ్బురోలు పొత్రం కింద పెట్టి అణిచి, ఇంత తిప్పలు పడేకన్నా దాన్ని చదివేస్తే పోదా అంది. ఇప్పుడే చదివారని తెలిసేలా కాకుండా ఎప్పుడో చదివారని తెలిసేలా చదవడం కుదురుతుందా అని ఆయన కూతుర్ని అడిగారు. కుదరదు, ఇప్పుడు చదివితే పచ్చగానే పడుతుందంది విశాలి. అయినా చేసేదేమీ లేక ఆయన చదవడానికి సిద్ధపడ్డారు.

ఇంట్లో చదివితే పరువు పోతుంది. గొప్ప చదువరి అని పేరుపడ్డ మనిషి, సిగరెట్టు కాల్చే కుర్రాడిలా పుస్తకాన్ని పేపరులో చుట్టుకుని గోదావరి గట్టుకి వెళ్ళి, రేవులో ఓ మూల సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని లోపల నవల తెరిచారు. ఎండిన బతుకు కోసం కర్చీఫు కూడా తెచ్చుకున్నారు.

మొదటి ప్రకరణంలో ఒక పెళ్ళిబృందం లాంచీ ఎక్కింది. రెండో దాంట్లో లాంచీ ఇసుకమేట ఎక్కి కూర్చుంది. ముహూర్తం ముంచుకొస్తోంది, పెళ్ళికొడుకు అవతలి ఒడ్డున ఉన్నాడు. పురోహితుడు నాటుపడవలో నిలబడి ఈ ఒడ్డుకి ఒక మంత్రం, ఆ ఒడ్డుకి ఒక మంత్రం అరుస్తున్నాడు. వంటవాడు ఇసుకలో పొయ్యి తవ్వి బూరెలు మొదలుపెట్టాడు. తలంబ్రాలు నీళ్ళ మీదుగా విసిరితే సగం చేపలు తినేశాయి, మిగతా సగానికి కొంగలు దిగాయి. భుజంగరావుగారు ముందు పెదవి బిగించారు, తరవాత పొట్ట పట్టుకున్నారు, ఆఖరికి పేపరు జారిపోయేలా నవ్వారు. గట్టు మీద జామకాయలమ్మే ఆవిడ బుట్ట కాస్త ఎడంగా జరుపుకుంది.

నవ్వు ఆగగానే ఆయన వెనక్కి తన ముందుమాటకి తిప్పారు. ఇది చదివినవాళ్ళెవరైనా పడీపడీ నవ్వే హాస్య నవల. దీనికి తను అన్నం సయించలేదని రాశారు. ఆ రాత చూసి సత్తిరాజు ఒక్కసారైనా ఇదేంటని అడగలేదు. ఎందుకు అడగలేదో తెలుసుకోవాలని ఆయన మర్నాడు మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివారు. ఈసారి నెమ్మదిగా చదివారు. లాంచీ దిగేటప్పుడు పెళ్ళికూతురు చెప్పులు చేత్తో పట్టుకుని, వెనక్కి తిరిగి, "అన్నయ్యా, ఈ ఇసుకలో నా అడుగులు రేపటికి ఉండవు కదూ" అంటుంది. అన్న జవాబు చెప్పడు. ఆ తరవాత నవల ఇంకా యాభై పేజీలుంది, పెళ్ళివిందు ఉంది, వియ్యాలవారి తగువు ఉంది, బోలెడు నవ్వులున్నాయి. ఆ పిల్ల మాత్రం లేదు. ఆమె పేరు ఎవరూ ఎత్తరు. భుజంగరావుగారు యాభై పేజీలూ వెనక్కీ ముందుకీ తిప్పి ఆ పేరు కోసం వెతికారు. కర్చీఫు అప్పుడు అవసరమైంది.

ఆ వారంలోనే ఒక కవిగారు రాతప్రతి పట్టుకుని వచ్చాడు. భుజంగరావుగారు దాన్ని తూకం వేయలేదు, కళ్ళూ మూసుకోలేదు. చదివి రాస్తాను, మూడు నెలలు పడుతుంది అన్నారు. కవిగారి మొహం మాడిపోయింది. నా మీద మీకు నమ్మకం లేదాండీ, ఎవరైనా ఏమైనా చెప్పారాండీ అని రెండుసార్లు అడిగి, రాతప్రతి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి భుజంగరావుగారికి ఒంట్లో బాగాలేదని ఊరంతా పాకింది.

ఆదివారం పొద్దున సత్తిరాజు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది. సుభద్రమ్మ కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. విశాలి 'ఇసుకమేట'ని అద్దం కింద పెట్టి దీపం వేసింది. తెర మీద ముందుమాట దాటిన దగ్గర్నుంచి ఆఖరి పేజీ దాకా వరిచేనులా పచ్చగా ఉంది. నడిమధ్య పూరీ మచ్చలు ఉన్నాయి.

"పచ్చదనం అంటే ఏంటమ్మా?" అన్నాడు సత్తిరాజు.

విశాలి తండ్రి వైపు చూసింది. సభల్లో గంటలకొద్దీ మాట్లాడే మనిషి, కుర్చీలో ఒదిగి కూర్చుని, నేల చూపులు చూస్తూ చెప్పారు.

"ఈ వారమే చదివానని అర్థం, సత్తిరాజూ. ముందు చదవలేదు. పేరు చూసి రాసిచ్చాను. ఏటా తిరగేస్తానన్నదీ అబద్ధమే."

వీధిలో కూరగాయల బండివాడి కేక వినిపించి పోయింది. సత్తిరాజు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. కవరులోంచి తన పుస్తకం తీశాడు. అట్టకి దారంతో కుట్టు వేసి ఉంది. దాన్ని తనే అద్దం కింద పెట్టి, వెయ్యమ్మా అన్నాడు.

ముందుమాట పేజీలు వెలిగిన వెలుగుకి ఫోను తట్టుకోలేకపోయింది. అక్షరాలు కనిపించలేదు, తెరంతా బంగారం. కొన్ని వందల సార్లు, ఏళ్ళ తరబడి, పొర మీద పొరగా పడ్డ ఊపిరి అది. విశాలి పేజీ తిప్పింది. మొదటి ప్రకరణం బూడిద రంగు. పెళ్ళి బూడిద రంగు. లాంచీ దిగే పేజీ కూడా బూడిద రంగే. ఎంత తిప్పినా అంతే.

"అచ్చయ్యాక ముందుమాట దాటి మరి సదవలేపోయాను" అన్నాడు సత్తిరాజు. "ఆ పెళ్ళికూతురు మా సిట్టెమ్మ, నా సెల్లెలు. పెళ్ళైన ఏడాదికే పురిట్లో పోయింది. దాని పెళ్ళి తలుసుకుని నవ్వుకుందారని మొదలెట్టాను. సదివినోళ్ళంతా నవ్వేరు. నువ్వొక్కడివే ఏడుపుందన్నావు. నా సెల్లెల్ని సూసినోడు ఈ ఊళ్ళో ఒకడున్నాడనుకుని ఆ మర్నాడు మీ ఇంటికొచ్చాను."

తను రాసిన వాటిల్లో నిజమైన వాక్యం అదొక్కటేననీ, అది కూడా తనకి తెలియకుండా పడిందనీ భుజంగరావుగారికి అర్థమైంది. సుభద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్తిరాజు లేచి వెళ్ళిపోతాడనే ముగ్గురూ అనుకున్నారు. అతను లేచాడు కూడా. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల వైపు చూసి, అక్కడే ఆగాడు.

"ఇప్పుడు సదివేవు కదా పంతులూ. ఎలా ఉంది?"

ముందుమాటలు రాసీ రాసీ అరిగిన చెయ్యి ఆయనది. అమోఘం, అపూర్వం, అనితరసాధ్యం అన్న మాటలు నిద్రలో కూడా వచ్చే నోరు. ఒక్కటీ రాలేదు. "చెప్పులు చేత్తో పట్టుకుంది కదా" అన్నారు.

"అవును" అన్నాడు సత్తిరాజు. "నిజంగానే పట్టుకుంది. కొత్త సెప్పులు. తడిసిపోతాయని."

"ఆ తరవాత ఆ అమ్మాయి పేరు ఎక్కడా రాయలేదు నువ్వు. నేను వెతికాను."

సత్తిరాజు వెనక్కి వచ్చి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నువ్వు చదువు, నేను వింటాను అన్నాడు. కళ్ళజోడు తెచ్చుకోలేదట. జేబులోంచి దాని కొస కనిపిస్తూనే ఉంది. భుజంగరావుగారు తన ప్రతి పక్కన పెట్టి సత్తిరాజు ప్రతి తెరిచి పైకి చదవడం మొదలుపెట్టారు. లాంచీ ఇసుకమేట ఎక్కేసరికి సత్తిరాజు ఆగమని, అసలు లాంచీ నడిపే ఆ సరంగు చెవిటివాడనీ, అది నవలలో రాయలేకపోయాననీ చెప్పాడు. రాయాల్సింది అని భుజంగరావుగారు అన్నారు, ఎందుకు రాయలేదో ఇతను చెప్పాడు, అది కారణం కాదని ఆయన అన్నారు. కాసేపు ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. బూరెల పేజీ దగ్గర ఇద్దరికీ నవ్వాగలేదు. సుభద్రమ్మ వంటింట్లోకి వెళ్ళి ముగ్గురికి సరిపడే బియ్యానికి ఇంకో గ్లాసుడు కలిపింది.

లాంచీ దిగే పేజీ వచ్చింది. భుజంగరావుగారు పుస్తకాన్ని అతని వైపు కాస్త జరిపారు. సత్తిరాజు మెల్లిగా కళ్ళజోడు తీసి పెట్టుకుని, తల వంచి, మిగతాది తనే చదివాడు. పుస్తకం మూసుకుపోకుండా ఒక అంచు ఆయన, ఒక అంచు ఇతను పట్టుకున్నారు.

విశాలి చప్పుడు చేయకుండా ఫోను నొక్కింది. తెర మీద బూడిద రంగు పేజీలో రెండు పచ్చటి గీతలు పక్కపక్కనే నడిచి, ఆ పిల్ల అడిగిన ప్రశ్న దగ్గర రెండూ ఒకేచోట ఆగాయి. పేజీకి రెండు మూలలా రెండు బొటనవేళ్ళు పడ్డాయి. ఆ సాయంత్రం మిగతా ఫొటోలన్నీ సరిచేసింది గానీ, దాంట్లో మాత్రం ఆ వేళ్ళు కత్తిరించలేదు.